ఈ గోడకేం తక్కువ

బట్టలారబెట్టే మెషీన్ వెనకాల మోకాళ్ల మీద కూర్చుని, గోడ మీద పెన్సిల్‌తో గుండ్రంగా గీత గీశాడు బావమరిది. ఊళ్లో సగం ఇళ్లకు, ఈ మెషీన్ల వేడిగాలి బయటికి పంపే పైపులు బిగించినవాడే, కానీ అక్క ఇంట్లో మాత్రం బావ నెత్తిన కూర్చుని పని చేయిస్తున్నాడు.

"అక్కడ కాదురా. వెనక గోడ దాకా తీసుకెళ్లు."

"ఇక్కడ కన్నం పెడితే మూరెడు పైపుతో అయిపోతుంది బావా. అటు తిప్పితే మూడు బెండ్లు పడతాయి. బెండు బెండుకీ గాలి జోరు తగ్గి, బట్టల నూగంతా అక్కడే పేరుకుంటుంది. ఇక నీ చొక్కాలు పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటాయి."

"తిరగనీ."

"అసలు ఈ గోడకేం తక్కువ?"

"అవతల మీ అక్క కూర్చునే కిటికీ ఉంది. సబ్బు వాసన నేరుగా ముఖాన కొడుతుంది."

"అక్కకి ఆ వాసనంటే ప్రాణం కదా. చిన్నప్పుడు ఉతికిన దుప్పట్లో ముఖం పెట్టిందంటే తీసేది కాదు."

"ఇప్పుడు పడట్లేదు."

"ఎప్పట్నుంచి?"

"రెండు నెలలైంది."

అతని చేతిలో పెన్సిల్ ఆగిపోయింది.

"కాఫీ వాసన పడుతోందా?"

"అదీ పడట్లేదు."

"బావా..."

"నేనేం చెప్పలేదు. వచ్చే వారం తనే చెబుతానంది. నువ్వు పైపు గురించి అడిగావు, నేను పైపు గురించే చెప్పాను."

బావమరిది గీసిన గీతను బొటనవేలితో మెల్లగా చెరిపేశాడు.

"వెనకవైపు పడగ్గది కిటికీ కూడా ఉంది కదా బావా. దాన్నీ తప్పించి నాలుగో బెండు వేసేద్దాం."