సగం గీసిన గడ్డం

"కరోనా! రేపట్నుంచి మళ్ళీ షాపులు బంద్! సెలూన్లు బంద్! తెరిస్తే కేసు!" అని వీధి చివర్నుంచి మైకు బండి అరుచుకుంటూ వచ్చేసరికి మా బావ చేతిలో టీ గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఇంటి ముందు గదే నా సెలూన్, ఆ కుర్చీ తిరిగితేనే మా ముగ్గురికీ తిండి. మండదూ?

"భయపడకు బావా. పోయినసారి బంద్ ఎత్తించిందెవరనుకున్నావు? నేనే!"

"నువ్వా!"

"మరి? బ్రాందీ షాపు ముందు మైలు పొడుగు క్యూ, నా గదికి తాళం. రోగం వెంట్రుకల్లో ఉందట, సీసాల్లో లేదట! ఆ తాళం వేయించిన ఆఫీసరే పెరటి గుమ్మంలోంచి దొంగలా దూరి, గడ్డం గియ్యమన్నాడు. కుడి చెంప గీసి, కత్తి మడిచేశాను. సెలూన్ తెరిపిస్తేనే ఎడమ చెంప అన్నాను!"

"మాస్కు కింద ఎవరికి కనపడుతుందిరా?"

"మాస్కు పెట్టుకోండని టీవీలో చెప్పడానికి మాస్కు తీస్తారుగా! దొరికిపోయాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా మనిషికే సగం గీస్తావా అని పై ఆఫీసరు మీదికొచ్చాడు, ఆయన్నీ కూర్చోబెట్టి సగం గీశాను. మంత్రి వచ్చాడు, సగం మీసం ఎగిరిపోయింది. చివరికి మంత్రివర్గం మొత్తాన్నీ మా పెరట్లో, బట్టలారేసే తాడు కింద, ఆరేసి అడుగుల ఎడంతో నించోబెట్టాను. సగం మొహాలతో జనంలోకి పోలేక, నా కుర్చీలోనే కూర్చుని బంద్ ఎత్తేస్తూ సంతకం పెట్టారు. పెన్ను కూడా నాదే!"

కంచాలు పట్టుకుని అక్క వంటింట్లోంచి వచ్చింది.

"ఒరేయ్, ఆ రోజు వేడినీళ్ళు అందించింది నేనేరా. రెండు చెంపలూ నున్నగా గీశావు. పౌడరు కూడా అద్దావు. ఆ ఆఫీసరు గడ్డం తడుముకుని బావుందన్నాడు. వెళ్తూ వెళ్తూ మన తాళం సరిగ్గా పడిందో లేదో లాగి చూసి మరీ పోయాడు."

బావ గ్లాసులోకి చూస్తున్నాడు.

అప్పుడే పెరటి తలుపు చప్పుడైంది. "ఏమయ్యా, ఉన్నావా? రేపట్నుంచి కుదరదుగా, ఒక్కసారి గీసేద్దూ!" అదే ఆఫీసరు గొంతు.

నేను లేవబోయాను, అలవాటు పాడుగాను! అక్క నా భుజం నొక్కి కూర్చోబెట్టింది.

"బంద్ అండీ!" అని కేకేసింది. "మా ఇంట్లో ఇవాళ్టి నుంచే!"

వెళ్ళి గొళ్ళెం పెట్టింది. సరిగ్గా పడిందో లేదో లాగి చూసి మరీ వచ్చింది.

తలుపు మోగుతూనే ఉంది. అక్క కూడా కంచం ముందేసుకుని కూర్చుంది. ముగ్గురం అన్నం తిన్నాం.