ఈదమ్మ గీసిన అగ్గిపుల్ల

అన్నలారా, అక్కలారా, మగ్గాలు ఆపి వచ్చారు. వనపర్తి నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి కూడా వచ్చారు. ఇంతమందిని చూస్తే ఈదమ్మ ఏమనేదో నాకు తెలుసు. "గింతమంది ముందుగాల్నే వస్తే నేను బతికే ఉంటుంటి గదనే" అనేది. మొహం మీదే అనేది. ఆమె పోయి పదకొండు రోజులైంది. ఇవాళ చెప్పాలి, ఎందుకంటే తప్పు నాదే, ఈ శేఖర్‌దే.

ఏం తప్పు? పోయిన ఏడు ఒక ఫ్యాషన్ కంపెనీ చలికాలపు శాలువాలు అడిగింది. పట్టు అంచు మనది, దాని మీద కుట్టే తెల్ల బొచ్చు వాళ్లది. అది మిషన్ బొచ్చు, ఏ జీవిదీ కాదన్నారు. ఏ పోగునైనా కాల్చి చూడటం మనకు అలవాటే కదా? కాల్చాను. వెంట్రుక కాలిన వాసన వచ్చింది. పట్టు కాలినా అదే వాసన. అంచుతో కలిపి కాల్చాను కాబట్టి పట్టుదే అనుకున్నాను. ముప్పై ఏళ్లు మగ్గం మీద కూర్చున్నవాణ్ణి! కండెలు చుట్టే ఈదమ్మ ఒక్కతే నా చేతిలోంచి అగ్గిపెట్టె లాక్కుంది. బొచ్చును వేరుగా పీకి కాల్చింది. ప్లాస్టిక్ లాగా కరగలేదు. ముడుచుకుని బూడిదయింది. "శేఖరన్నా, ఇది పానమున్నదాని బొచ్చు. కుందేలుది" అంది. అప్పటికే రెండు వందల శాలువాలు వెళ్లిపోయాయి.

ఆమె ఊరుకుందా? మన టైలర్ రుక్సార్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఫ్యాషన్ కంపెనీలన్నిటికీ ఉత్తరాలు రాయించింది. బొచ్చు బట్టలు అమ్మొద్దని. ఒక్కో ఉత్తరంలో చిటికెడు బొచ్చు, ఒక అగ్గిపుల్ల. పోస్టాఫీసులో అగ్గిపుల్లలు వద్దన్నారు. ఇంటికొచ్చి, "అగ్గిపుల్ల మీరే తెచ్చుకోండి" అని కింద రాయించింది. నవ్వండి, ఫరవాలేదు, ఆమె కూడా నవ్వింది. మూడు కంపెనీలు అమ్మడం మానేశాయి. మనకు పనిచ్చిన కంపెనీ మానలేదు. జవాబుగా ఒక తెల్ల కారు వచ్చింది.

నంబరు ప్లేటుకు గుడ్డ కట్టిన కారు. ఉత్తరాల మీద చిరునామా రుక్సార్‌ది కదా, మూడు రోజులు ఆమె ఇంటి ముందే ఆగింది. ఎవరూ దిగలేదు. మనమంతా కిటికీలు మూసుకున్నాం. అవునా, కాదా? ఈదమ్మ మాత్రం అద్దం మీద తట్టి, "చాయ్ తాగుతరా?" అని అడిగింది. నాలుగో రోజు, బొచ్చు వడ్డేపల్లి దగ్గరి షెడ్డు నుంచి వస్తోందని విని, ఫోటోలు తీయడానికి స్కూటీ మీద బయలుదేరింది. పట్టపగలు. ఖాళీ రోడ్డు. ప్రమాదంలో పోయిందని పోలీసులు కాగితం రాశారు. స్కూటీ దొరికింది, చెప్పులు దొరికాయి. ఫోన్ దొరకలేదు.

నిన్న నాకు ఒక ఫోన్ వచ్చింది. "రేపు బొచ్చు రెండో లోడు వస్తది, దించుకో. రుక్సార్‌కు గూడ స్కూటీ ఉంది గద" అన్నారు.

ఆ రేపు ఇవాళే. ఆ కారు ఇప్పుడు మన గేటు దగ్గరే ఉంది. ఆగండి, ఇంకా వెనక్కి తిరగకండి. నాకు భయంగా ఉంది, దాచను. కానీ ఆ లోడు నేను దించుకోను. నేనొక్కడినే అయితే వాళ్లకు ఒక్క కారు చాలు. ఇంతమందిమైతే?

ఇది ఈదమ్మ డబ్బాలో మిగిలిన బొచ్చు. ఇది ఆమె అగ్గిపెట్టె. కాలుస్తున్నాను. ఈసారి పట్టు కలపలేదు. రుక్సార్, నా పక్కకు రా అమ్మా. మిగతావాళ్లు లేవండి. ఇప్పుడు గేటు వైపు తిరిగి నిలబడండి. ఈ వాసన పోయేదాకా ఎవరూ మాట్లాడొద్దు.