మెడకు పెట్టిన మైకు

పక్షవాతం వచ్చిన భర్తకు ముక్కులోంచి తిండి పోసే పైపు తీయించాలని ఆమె దేవరకొండ నుంచి నల్లగొండ దవాఖానకు ఒక్కతే వచ్చింది. ఇంట్లో ఆయన మెడకు మైకు పెట్టి వారం రోజులు రికార్డు చేసి పంపిన మింగుడు చప్పుళ్లన్నిటికీ డాక్టరమ్మ కంప్యూటర్ బాగానే మింగుతున్నాడని పచ్చ గుర్తే పెట్టింది.

"పైపు తీయమని జర రాయుండ్రి, మేడం."

"ముందు గిది వినమ్మా. మింగుడు మైకు పక్కనే వినబడుతుంది. దగ్గు మాత్రం దూరం నుంచి వస్తాంది. దగ్గింది ఎవరు?"



"మా ఆయన. ఉమ్మి మింగినా దగ్గుతడు."

"మరి మింగింది?"

"నేనే. మైకు నా మెడకు పెట్టుకున్న. పైపు తీయకుంటే తనే పీకేసుకుంటనని రోజూ ఏడుస్తుండు, మేడం."

"ఆయన నోట్లె మెతుకు పెడితే ఊపిరితిత్తులల్లకు పోతది. పానం మీదికి వస్తది. ఇంట్ల ఎవరున్నరు?"

"బిడ్డ. పచ్చగ వచ్చిందని ఇందాకనే ఫోన్ చేసి చెప్పిన. దానికి మైకు సంగతి తెల్వదు. బాపుకు పెరుగన్నం పెడతనన్నది. కొంచెమే గదా అని ఊకున్న."

"వెంటనే ఆపమని చెప్పు."

ఆమె ఫోన్ చేసి, చెవికి ఆనించుకుంది.

"గిన్నెడు తిన్నడంట, మేడం. పిలిస్తే పలుకుతలేడంట. కడుపునిండ తిని నిద్రపోయిండని బిడ్డ నవ్వుతాంది."