పనికిరాని కొండ

నాతవరం దాటాక ఒక కొండవాలులో సామ చేను కలుపు తీస్తున్న ముసలావిడ పని ఆపి, సుత్తితో రాయి కొడుతున్న కుర్ర ఆఫీసరు దగ్గరికి వచ్చింది.

“ఆ రాయి నీకేటి సేసింది బాబూ, అలాగ కొడతన్నావు?”

“ఏ రకమో చూస్తున్నాను మామ్మా. దీని వయసు నూరు కోట్ల ఏళ్లు.”

“అంత పెద్దదాన్నా కొడతన్నావు? మీ ఇంట్లో పెద్దోలు నేరా?”

“తూర్పు కనుమల్లో ఇదో చిన్న శాఖ. ఒకప్పుడు ఇంకా ఎత్తుండేది. వానలకు అరిగిపోయింది.”

“నానూ అంతే. సరే గానీ, మంచి రాయి దొరికితే ఏటి సేత్తారు?”

“క్వారీకి రాస్తాం. కొండ తవ్వుతారు.”

“మరి నా సేను?”

“అదీ పోతుంది మామ్మా.”

ఆవిడ వెనక్కి తిరిగి చేను కేసి చూసింది.

“దొరికిందా మరి?”

“లేదు. పొరలు పొరలుగా ఊడిపోతోంది. పాలిష్‌ పట్టదు, రోడ్డుకీ ఆగదు. ఎందుకూ పనికిరాని కొండ.”

“సల్లగుండు నాయినా! ఎంత మంచి మాట సెప్పేవు! రా, కూకో, అంబలి తాగు.”

“టైం లేదు. ఆ పక్క కొండ కూడా చూడాలి.”

“అదీ ఎందుకూ పనికిరాదు బాబూ. అక్కడ మా సెల్లి సేనుంది. రాసేసుకో.”