శివదారం జాడ

ఎనభై నాలుగో సంవత్సరం, జ్యేష్ఠమాసం, రెండో సోమవారం, మధ్యాహ్నం మూడు గంటలకు మా అవ్వ గురుబసమ్మ చేతిలో ఒక శెనక్కాయ నలిగి, లోపలి గింజ రెండు బద్దలయిందంట. గంట ఎట్ల తెలుసంటే, ఆదోని బస్సు అప్పుడే హారన్ కొట్టుకుంటా ఊరు దాటింది. అది విత్తనం గింజ, బద్దలయితే మొలవదు. మా అవ్వ ఒలిచితే గింజ మీద ఎర్రపొట్టు కూడా చెదిరేది కాదు, అట్లాంటి చెయ్యి అది. నువ్వు పొద్దున అడిగినావు కదా పాపా, మనోళ్లలో అందరూ లింగాన్ని మెడలో కట్టుకుంటే మనింటి ఆడోళ్లు చేతికి కట్టుకుంటారేమని. అది చెప్పాలంటే ఆ గింజ దగ్గర మొదలుపెట్టాల. కొంచెం ఇటు జరుగు, దీపానికి అడ్డం కూర్చోవద్దు.

మనం జంగమోళ్లం కదా. పుట్టినప్పుడే లింగం కడతారు. దాన్ని కట్టే దారం శివదారం, ప్రాణం పోయినా అది తీయరు. మనలో పోయినోళ్లను కాల్చరు, గుంత తవ్వి కూర్చోబెట్టి, ఉప్పూ విభూతీ పోసి సమాధి చేస్తారు. మా తాత రేవణయ్య చుట్టుపక్కల ఊర్లకంతా ఆ పని చేయించే అయ్యవారు. అవ్వకీ తాతకీ ఇద్దరే ఆడపిల్లలు. పెద్దది సర్వమంగళ, నాకు పెద్దమ్మ. చిన్నది నీలాంబిక, అంటే మా అమ్మ. పెద్దమ్మని ఏటవతల ఊర్లో పంపాపతికి ఇచ్చినారు. కొడుకు పుట్టి వాడింకా పాకుతావుండగానే, మూర్ఛ వచ్చి పోయిందని కబురు వచ్చిందంట. వీళ్లు పడుతూ లేస్తూ పోయేసరికి నీళ్లు పోసి, విభూతి దట్టంగా పట్టించి, గోడకి ఆనించి కూర్చోబెట్టేసినారు. అవ్వ బిడ్డ మెడను వాటేసుకొని ఏడిస్తే, ఆ కన్నీళ్లకి విభూతి కరిగి గొంతు మీద ఎర్రగా ఒక గీత కనపడినాదంట. ఇదేందమ్మా అని అడిగితే వియ్యపురాలు ఏమనిందంటే, "శివదారం ఒరుసుకున్నాది వదినా. అంత మూర్ఛలో కూడా లింగాన్ని పట్టుకొని గుంజుకున్నాది. ఆఖరు దాకా వదల్లేదు నీ కూతురు" అనింది.

అవ్వ ఆ మాట నమ్మింది. నమ్మడమేంది, ఆ మాట మీదనే బతికింది అనుకో. ఎవరు పలకరించేదానికి వచ్చినా చెప్పేదంట, నా బిడ్డ లింగాన్ని పట్టుకొనే లింగంలో కలిసిపోయింది, గొంతు మీద దారం జాడ నా కండ్లతో చూసినా అని. మఠానికి పోయి స్వాములకి కూడా చెప్పింది. వాళ్లు తల మీద చెయ్యి పెట్టి, పుణ్యవంతురాలివి తల్లీ అన్నారంట. ఏడాది పొడుగునా ఎన్ని ఊర్లలో చెప్పిందో, ఎన్నిసార్లు చెప్పిందో. ఆ జాడ తల్చుకుంటే ఆమెకి ఏడుపు ఆగేది.

ఇంగ ఏమైందంటే, తల్లిలేని పిల్లోడు ఉండాడు కదా. వాణ్ణి పరాయి చేతుల్లో ఎందుకు పెట్టాల, చిన్నదాన్ని కూడా అక్కడికే ఇస్తే అక్క బిడ్డని తనే సాక్కుంటాది అని పెద్దోళ్లు మాట అనుకున్నారు. మనలో ఉండేదే అది. మా అమ్మకి పద్దెనిమిదేళ్లు. ఆమె కాదనలేదంట. ఆ పిల్లోడంటే ప్రాణం. ఆ వచ్చే శుక్రవారమే తాంబూలాలు.

ఆ రోజుల్లో విత్తనం కాయలు ఆడోళ్లే చేత్తో ఒలిచేవాళ్లు, మిషన్లో వేస్తే గింజ పగులుతాదని. మన నడవలో కూర్చొని ఒలిచేవాళ్లు. మా అమ్మ పదో తరగతి దాకా చదివింది కాబట్టి కాయలు ఒలిచేదానికి బదులు అందరికీ పుస్తకం చదివి వినిపించేది. పక్కింటి ఈరమ్మత్త మొగుడు ఆదోనిలో అద్దె పుస్తకాల అంగడి నుంచి తెచ్చిచ్చేవాడు. ఆ వారం తెచ్చిన పుస్తకం అట్ట మీద పుర్రె, పుర్రె పక్కన కత్తెర. అందుకే పుర్రెబొమ్మ పుస్తకం అనేవాళ్లు. కథ ఏమంటే, ఒక పట్నంలో పెండ్లయిన పిల్ల చచ్చిపోతాది. అందరూ గుండె ఆగి పోయిందంటారు. పీనుగుల్ని కోసి చూసే డాక్టరమ్మ ఒకామె ఉంటాది, ఆమె కాదంటాది. ఇంగ అక్కడినుంచి పోలీసులు, కార్లు, వాన.

ఆ పుస్తకం మీద మనోళ్లు చెప్పిన అభిప్రాయాలు ఇంతా అంతా కాదు. ఈరమ్మత్తేమో, "ఏం డాక్టరమ్మో ఏమో, మొదుట్నుంచి కాఫీ తాగుతానే ఉండాది. ఒక్కపూటన్నా ఇంత ముద్ద తినిందా అని చూస్తావుండా, తినలా" అనేదంట. సంకమ్మ అని ముసలామె, ఆమెకి ఏదీ ఒక పట్టాన నచ్చదు. "పీనుగని ముట్టుకున్నాక తలకి పోసుకున్నట్టు రాయలేదు చూడు, రాసినోడు మొగోడే, వానికేం తెలుసు" అనింది. "అయినా ఎవురు చంపినారని ఇంత పుస్తకం ఎందుకు, మొగుడే చంపింటాడు, రెండో పేజీలో వాని చెంపలు వాయించింటే మాకు ఈ పాటికి అయిపోయుండేది" అని ఈరమ్మత్త. "అట్ల చెప్పొద్దే, ఆ డ్రైవరు మీద నాకు అనుమానం" అని సంకమ్మ. "నీకు డ్రైవర్లందరి మీదా అనుమానమే, ఆ పొద్దు బస్సు ఆపలేదని." నడవంతా నవ్వులు. అవ్వ ఒక్కతే ఏమీ అనేది కాదు. వినేది, ఒలిచేది, నడుమ నడుమ శివా అనుకునేది. నీకెట్లుంది గురుబసమ్మా అని అడిగితే, "అంతా కట్టు కతలు. చచ్చిన మనిషి వచ్చి చెప్తాదా ఏమన్నా" అనిందంట.

ఆ సోమవారం మూడు గంటలప్పుడు చదివింది ఏ చోటంటే, ఆ పిల్ల మెడ మీద ఒక గీత ఉంటాది. అత్తగారింటోళ్లు అది పుస్తెలతాడు ఒత్తుకున్న గీత అంటారు. దానికి డాక్టరమ్మ చెప్తాది, మెడలో వేలాడే తాడు గొంతుని తాకదు, వెనకాల మెడ మీద ఆని ముందర రొమ్ము మీదికి దిగిపోతుంది, దాని జాడ కిందికే ఉండాల, గొంతు చుట్టూ అడ్డంగా గాజు తొడిగినట్టు పడిన జాడ వేలాడే తాడుది కాదు, ఎవరో వెనక నిలబడి బిగించిన తాడుది అని. మా అమ్మ చదువుకుంటా పోతావుంది. ఈరమ్మత్త అందుకొని, "చెప్తి కదా, మొగుడే" అనింది. అప్పుడే ఆ గింజ నలిగింది.

"ఇంగొకసారి చదువు నీలా" అనిందంట అవ్వ. చదివింది. "ఇంగొకసారి." మూడోసారి చదివేటప్పుడు మా అమ్మకీ తెలిసొచ్చింది. అవ్వ చెయ్యి తన మెడ మీద ఉండాది. తన శివదారాన్ని వేలితో తడుముకుంటా వచ్చింది, వెనక మెడ మీద నుంచి ముందరికి, ముందర నుంచి రొమ్ము మీదికి. గొంతుని అది ఎక్కడా తాకలా. పుట్టినప్పటినుంచి ఉండే దారం, ఏనాడన్నా జాడ పడిందా. మనందరికీ ఉండేదే కదా ఆ దారం, మనకే తెలియాల కదా అది ఎట్ల వేలాడతాదో. సంకమ్మకి ఇదేం తెలీదు, "అంతా అబద్ధం, తాడు ఎట్లన్నా ఒత్తుకుంటాది" అని తన మాట తను చెప్తానే ఉండాది. అవ్వ లేచి, ఇంగ చాలులే ఈ పొద్దుకి, అని చాటలు మూల పెట్టేసింది.

దీపాలు పెట్టే వేళకి తాత వచ్చినాడు. కాళ్లు కడుక్కొని, పూజ చేసుకొని, గోడకి ఆనుకొని కూర్చున్నాడు. అవ్వ ఎదురుగా కూర్చొని పుస్తకంలో ఉండేది చెప్పింది. తాత నవ్వినాడంట. "వాడు అమ్ముకునేదానికి రాసుకున్నాడు బసమ్మా. అవన్నీ పట్టించుకుంటారా ఎవురన్నా" అన్నాడు. "పుస్తకం గురించి కాదు నేను అడిగేది" అనింది అవ్వ. "ఎంతమందిని కూర్చోబెట్టింటావు నువ్వు సమాధిలో. ఎవురి గొంతు మీదన్నా శివదారం జాడ చూసినావా" అని అడిగింది. "నా బిడ్డ గొంతు మీద చూసినావా" అనింది. "చూసినా" అన్నాడంట. అప్పుడే తెలుసునా అంటే, అప్పుడే తెలుసు అన్నాడు. "మరి ఏడాది పొడుగునా నేను ఊర్లెంబడి లింగం పట్టుకొని పోయిందని చెప్తావుంటే వింటావుంటివే" అనింది. "దాంతోనే నువ్వు బతికినావు కదా. దాన్ని కూడా నేనెట్ల తీసేది" అన్నాడంట తాత.

మా అమ్మ వాకిలి పక్కన నిలబడి ఉండాది, చేతిలో ఆ పుస్తకం. అవ్వ ఆమెని చూపించి, "దీన్ని ఎట్ల ఇయ్యబోతివి మరి" అని అడిగింది. తాత పంచె కొంగు కండ్లకి పెట్టుకొని ఏం చెప్పినాడంటే, పిల్లోడు వాళ్ల చేతుల్లో ఉండాడు, నోరు తెరిస్తే వాణ్ణి మనకి చూపిస్తారా, ఏడాదయింది కదా పంపాపతికి బుద్ధి వచ్చింటాదిలే, చెల్లెలు ఆ ఇంటికి పోతే అక్క బిడ్డన్నా దక్కుతాడని అనుకున్నానే అని. మా అమ్మ నాకు ఈ కథ చెప్పినప్పుడల్లా ఈ చోటికి వచ్చేసరికి లేచిపోయి గిన్నెలు సర్దేది. నాయన మంచోడేనే, అని అక్కడినుంచే అనేది.

సమాధి తవ్వితే, అనిందంట అవ్వ. ఆ పుస్తకంలో లాగ ఎవురన్నా డాక్టర్ని పిలిస్తే. తాత తల అడ్డంగా ఊపినాడు. నేనే ఉప్పు పోసినా, నేనే పూడ్చినా, ఇన్నాళ్లకి తోలు యాడుంటాది బసమ్మా, ఎముక మీద దారం జాడ పడుతుందా, లింగంలో కలిసినదాన్ని బయటికి తీసి ఎముకలు ఎంచుకుంటామా అన్నాడు. అవ్వ మా అమ్మని పిలిచి, "ఆఖర్న ఏమైతాదో చదువు" అనింది. మా అమ్మ దీపం దగ్గర కూర్చొని చదివింది. ఆఖర్న డాక్టరమ్మ చెప్పిందే నిజమైతాది. మొగుడు దొరుకుతాడు, బేడీలు వేస్తారు. వాన నిలిచిపోతాది. డాక్టరమ్మ ఇంటికి పోయి కాఫీ తాగుతాది.

అవ్వ అంతా విని ఆ పుస్తకం మీద తన అభిప్రాయం అప్పుడు చెప్పింది. "కత బాగుండాది" అనింది. "కానీ ఆ పిల్లకి అమ్మ లేదేం నీలా?" మా అమ్మకి అర్థం కాలేదు. "పుస్తకమంతా నువ్వే చదివితివి కదా. డాక్టరమ్మ ఉండాది, పోలీసులు ఉండారు, డ్రైవరు ఉండాడు. చచ్చిన పిల్ల అమ్మ ఒక్కచోటన్నా వచ్చిందా చూడు." మా అమ్మ మళ్లీ మొదుట్నుంచి పేజీలు తిప్పింది. యాడా లేదు. "అమ్మని పెడితే ఆ జాడ ఫస్టు అమ్మకే కదా కనపడాల. మరి చూసి ఏం చేసిందని అడుగుతారు చదివేటోళ్లు. రాసినోనికి జవాబు దొరికిండదు, అందుకే పెట్టలేదేమోలే" అనింది. అంతే. ఏడవలేదంట. అప్పటినుంచి ఎవురు అడిగినా పెద్దమ్మ చావు గురించి ఆమె నోరు తెరవలా, పోయేదాకా.

తర్వాత సంగతి ఇక్కడే చెప్పేస్తా, మళ్లీ అడుగుతావు నువ్వు. పంపాపతిని ఎవురూ ఏమీ అనలేదు. ఆ పిల్లోడు వాళ్ల దగ్గరే పెరిగినాడు, నాకు అన్న. ఒకసారి ఆదోని బస్టాండులో చూసినా, ఫోటోలో పెద్దమ్మ ముక్కు ఎట్లుందో అట్లే ఉండాది. పలకరించలేదు, ఏమని పలకరించేది. పంపాపతి సిరుగుప్ప పక్కనుంచి ఇంకొక పిల్లని చేసుకున్నాడు. పెండ్లి సంగతి మనింటికి ముందే తెలిసింది. ఆ పిల్లకీ అమ్మ ఉండే ఉంటాది కదా. మనోళ్లు ఎవురూ పోయి చెప్పలా. ఏమని చెప్తారు, పుర్రెబొమ్మ పుస్తకంలో రాసుండాదనా. మన పిల్ల మనకి మిగిలింది, తలుపేసుకున్నాం. ఆ పిల్ల ఉండాదో లేదో ఈ పొద్దుకీ తెలీదు. పూజలో కూర్చున్నప్పుడు ఆమె పేరున ఒక బిల్వపత్రం వేస్తా. పేరు నాకు తెలీదు, శివుడికి తెలుసులే.

మరుసటి పొద్దున ఏం చేసినారంటే, అవ్వ తెల్లారకముందే తలకి పోసుకొని మా అమ్మని కూడా పోసుకోమనింది. తాత దేవుని ముందర కూర్చొని మా అమ్మ మెడలో శివదారం తన చేత్తోనే విప్పినాడు. ముడి రాలేదు, శానా సేపు పట్టింది. లింగాన్ని గుడ్డలో చుట్టి ఎడమ చేతికి భుజం కింద కట్టినాడు. తర్వాత అవ్వది కూడా అట్లే. ఆ పొద్దు నుంచి మనింట్లో ఆడపిల్ల మెడకి దారం కట్టలేదు, గొంతు మీద జాడ పడితే దారం మీద నెట్టేదానికి లేకుండా. తాత తువ్వాలు భుజాన వేసుకొని ఏటవతలికి బయలుదేరినాడు, పిల్లకి ఈ ఏడు గురుబలం లేదు, తాంబూలాలు వద్దు అని చెప్పేదానికి. అంతకుమించి చెప్పేదానికి ఆయనకి ధైర్యం చాల్లేదు. వాన పడేలోపల విత్తనం కావాల కాబట్టి ఆడోళ్లు మామూలుగానే వచ్చినారు. మా అమ్మ పుస్తకం ఈరమ్మత్త చేతిలో పెట్టేసి, తనూ ఒక చాట ముందరేసుకొని ఒలిచేదానికి కూర్చుంది.

"అదేందే, అయిపోయిందా, మేం లేకుండానే చదివేస్తిరా" అనింది ఈరమ్మత్త. "చంపినోడు దొరికినాడా లేదా, అదన్నా చెప్పండి."

అవ్వ తల ఎత్తకుండా ఒలుస్తానే, "దొరికినాడు" అనిందంట. మా అవ్వ జన్మలో అబద్ధం ఆడలేదు అంటారు. అది కూడా అబద్ధం కాదులే, పుస్తకంలో దొరికినాడు కదా.