గాలిలో ఆపిన ఇంజిన్

నా పేరు ఆర్డిస్ టోలెఫ్సన్. వయసు అరవై ఒకటి. విస్కాన్సిన్‌లో పాల ట్యాంకర్ నడుపుతాను. డిప్యూటీ షెరీఫ్ కాస్పరెక్ గారూ, పోలీసు రికార్డు కోసం మీరడిగితే ఇది చెబుతున్నాను.

శనివారం పొద్దున సోయా చేలో పడ్డ చిన్న విమానం నాదీ, మా తమ్ముడు వెర్లిన్‌దీ. వాడిది మాంసం కొట్టు. ఆరు చలికాలాలు మా పశువుల కొట్టంలో కూర్చుని ఇద్దరం కట్టుకున్నాం.

దానికి కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ ఇంజిన్ వెనక ఉంటుంది. తీగచుట్టల చుట్టూ అయస్కాంతాలు తిరుగుతాయి. స్విచ్ కట్టేసినా అవి ఊరుకోవు, ఇంజిన్ తిరిగినంతసేపూ చుట్టల్లో కరెంటు పుడుతూనే ఉంటుంది. అక్కడ గాలి ఆడదు. అందుకని చలి తగ్గాక బయటి గాలి చుట్టలకి తగిలేలా నేనొక గొట్టం పెట్టాను. దాంతో సిలిండర్లకి వెళ్ళే గాలి తగ్గింది.

"అక్కా, నీ గొట్టం పీకేద్దాం. సిలిండర్లు ఉడికిపోతున్నాయి," అన్నాడు వెర్లిన్.

"చుట్టలు మాడితేనో?"

"చలికాలమంతా గొట్టం లేకుండానే ఎగిరాం, మాడాయా?"

"ఇది జూలైరా."

"నిన్నడిగితే పాల ట్యాంకరుకి కూడా విసనకర్ర కడతావు."

నవ్వొచ్చింది. ఇద్దరం కలిసే పీకేశాం.

శనివారం పక్క ఊరి విమానాల మైదానంలో పాన్‌కేకుల ఫలహారం పెట్టారు. తిని తిరిగొస్తున్నాం. వెర్లిన్ నడుపుతున్నాడు. మా అమ్మ కుట్టుమిషన్ మోటారు కాలినప్పుడు వచ్చిన వాసనే వచ్చింది. వాడు వెంటనే ఆల్టర్నేటర్ స్విచ్ కట్టేశాడు. వాసన పోలేదు. కాళ్ళ దగ్గర పొగ మొదలైంది. చుట్టలు లోపల ఒకదానికొకటి అంటుకుపోయాయని అర్థమైంది.

"ఇంజిన్ ఆపరా."

"అదిగో రన్‌వే, కనిపిస్తోందిగా అక్కా!"

"తిరిగినంతసేపూ కాలుతుంది. పక్కనే పెట్రోలు పైపు ఉంది. ఆపు."

వాడు రన్‌వే వైపే పోనిచ్చాడు. నేనే ఇంజిన్ తాళం తిప్పి ఆపేశాను.

గాలికి ప్రొపెల్లర్ ఇంకా తిరుగుతోంది, దాంతోపాటు అయస్కాంతాలూ. వాడు వేగం తగ్గించి దాన్నీ ఆపాడు. పొగ పలచబడింది. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. "గట్టిగా పట్టుకో," అన్నాడు. చేలో దిగాక చక్రం కాలవలో పడి విమానం ఒరిగింది. వాడి కాలు విరిగింది. నాకేమీ కాలేదు. చేను ఓరిన్ క్వాలే గారిది. ఆయన పరిగెత్తుకొచ్చి, "సోయా సంగతి తర్వాత, ముందు బయటికి రండమ్మా!" అని ఇద్దరినీ లాగారు.

ఇంజిన్ దానంతటదే ఆగిందని ఆసుపత్రిలో వెర్లిన్ మీకు చెప్పాడట. నాకు పైలట్ లైసెన్సు లేదు. తాళం తిప్పినందుకు నామీద కేసు పెడతారని వాడి భయం. ఇవాళ వాడి దగ్గరికి వెళ్ళాను.

"నోరు మూసుకుని ఉండలేవా అక్కా?"

"రేపు ఇంకొకడు ఇలాంటిదే కట్టుకుంటాడు. దానంతటదే ఆగిందని రాస్తే వాడు పెట్రోలు వైపు వెతుకుతాడురా, చుట్టల వైపు చూడడు."

వాడు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. తర్వాత, "సరే, చెప్పు," అన్నాడు.

ఆపకపోయి ఉంటే రన్‌వే అందేదేమో. అందక తగలబడిపోయేవాళ్ళమేమో. నాకు తెలియదు.

మీరు రాసుకున్నదంతా నాకు చదివి వినిపించారు. ఒక్కచోట "ఇంజిన్ ఆగింది" అని ఉంటే కొట్టేయించి "నేను ఆపాను" అని రాయించాను. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది, జరిగినదీ అదే.

(సంతకం) ఆర్డిస్ టోలెఫ్సన్