పాట మధ్యలో ఊపిరి

వదిన అదే చొక్కా కాలరును మూడోసారి ఇస్త్రీ చేస్తోంది. మంచం మీద ఆడపడుచు దుప్పట్లు మడతపెడుతూ, టీవీలో వచ్చే పాటల సీరియల్‌ని ఉతికి ఆరేస్తోంది.

“అత్త వేషం వేసినావిడ అదరగొడుతోంది వదినా. హీరోయినే, ఏడ్చినా నవ్వినా ఒకటే మొహం.”

“పాటలు బాగుంటున్నాయిగా?”

“ఈ నెల నుంచి హీరోయిన్‌కి పాడే గొంతు మార్చారు. కొత్తావిడ గొంతు తేనె. కానీ పైకి వెళ్లేముందు గబుక్కున ఊపిరి పీలుస్తుంది. పాట నేర్చుకున్నవాళ్లు అలా చేస్తారా?”

“చెయ్యక ఏం చేస్తారే? రికార్డింగులో చప్పుడొస్తుందని ఫ్యాను కూడా ఆపేస్తారు. ఆ ఉక్కలో నిలబడి పద్నాలుగుసార్లు పాడితే తెలుస్తుంది!”

ఆడపడుచు చేతిలో దుప్పటి ఆగిపోయింది.

“ఫ్యాను ఆపేస్తారని నీకెవరు చెప్పారు?”

“ఎక్కడో చదివాను.”

“కుట్టు క్లాసు నుంచి చెమటతో తడిసి వస్తావు. మూడు నెలలైంది, ఒక్క దిండు గలీబు కుట్టిన పాపాన పోలేదు. వంటింట్లో కూనిరాగం తీసేటప్పుడు కూడా నీ ఊపిరి అలాగే ఉంటుంది వదినా.”

వదిన గుమ్మంవైపు చూసింది.

“మీ అన్నయ్యకి చెప్పకే. పాటా గీటా వద్దన్న మనిషి. తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు.”

“నేను చెప్పేదేముంది? వారం నుంచి ఫోన్లో ఆ సీరియల్ పాటే వింటున్నాడు.”

“బాగుందనేమోలే.”

“పాటంతా వినడు. ఆ ఊపిరి దాకా వచ్చాక ఆపి, మళ్లీ వెనక్కి తిప్పుతాడు.”

కాలరు మాడిన వాసన వచ్చింది. వదిన ఇస్త్రీపెట్టె చటుక్కున ఎత్తింది.

“కోపంగా ఉన్నాడా?”

“ఏమో వదినా. కళ్లు మూసుకుంటాడు.”